మాట ఇవ్వని వెనక కాలు

ఒకప్పుడు కుక్కలకు దురద అంటే ఏంటో తెలీదు. ఆకలి తెలుసు, నిద్ర తెలుసు, కోపం తెలుసు, తోక ఊపడం తెలుసు. దురద మాత్రం తెలీదు. వెనక కాళ్లు ఉన్నది పరుగెత్తడానికే అనుకునేవి. వాటితో గోక్కోవచ్చని ఏ కుక్కకూ తోచనే లేదు.

ఆ రోజుల్లో గోమారి గడ్డిపోచ చివర కాపురం ఉండేది. కొందరు దాన్ని పిడుదు అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా ఒళ్లు మాత్రం ఆవగింజంతే. ఎవరు అటుగా వెళ్లినా ముందు కాళ్లు రెండూ చాచి, "నన్ను ఎక్కించుకోండి! కాస్త ఎక్కించుకోండి!" అని బతిమాలేది.

బర్రెను అడిగింది.

"రోజూ బురదలో పొర్లుతాను. అది ఎండి ఒంటిమీద పెంకు కడుతుంది. నువ్వు లోపలికి రావడానికి సందు కూడా ఉండదు," అంది బర్రె.

పిల్లిని అడిగింది.

"పొద్దున లేచింది మొదలు ఒళ్లు నాక్కోవడమే నా పని. వస్తే రా. నా నాలుక గరుకుగా ఉంటుంది, ముందే చెబుతున్నా," అంది పిల్లి.

కోడిని మాత్రం అడగలేదు. కోడి కనిపిస్తే గడ్డిపోచ వెనక్కి జరిగి ఊపిరి బిగబట్టేది.

ఆ కొండ కింద సుంకులమ్మ అని ఒకామె మేకలు కాసేది. ఆమె దగ్గర పుల్లడు అనే కుక్క ఉండేవాడు. ఎండుగడ్డి రంగు ఒళ్లు, నిలబడిన చెవులు. కొండమీద తోడేలు ఉంది. పుల్లడు ఒక్కసారి మొరిగితే చాలు, అది దిగబోయినదల్లా ఆగిపోయేది.

పుల్లడికి ధైర్యం ఎక్కువ. మొహమాటం అంతకన్నా ఎక్కువ. మేకపిల్లలు వచ్చి "మామా, నీ సంగటి కొంచెం రుచి చూస్తాం" అంటే మొత్తం ముద్ద వదిలేసి పక్కకు జరిగేవాడు. కాకి వచ్చి వీపుమీద కూర్చుంటే, అది లేచేదాకా కదలకుండా నిలబడేవాడు. తోడేలును "పో" అనగలడు గానీ, మర్యాదగా అడిగినవాళ్లను మాత్రం కాదనలేడు.

ఈ సంగతి గోమారి గడ్డిపోచ మీంచి చాలా రోజులుగా గమనిస్తోంది.

ఒక మధ్యాహ్నం కాస్త మబ్బు పట్టింది. పుల్లడు గడ్డిలోంచి వెళుతున్నాడు.

"పుల్లన్నా, పుల్లన్నా! ఒక్క చినుకు నా నెత్తిన పడితే కొట్టుకుపోతాను. వాన తగ్గేదాకా నీ చెవి వెనక కాస్త చోటివ్వవా?" అంది గోమారి.

"వాన తగ్గేదాకానే కదా?"

"వాన తగ్గేదాకానే అన్నా. ఇంకో చిన్న మాట. నేను ఇక్కడున్నట్టు నీ నోటితో ఎవరికీ చెప్పకు. పిరికిదాన్ని. మాటివ్వు."

"సరే, నోటితో ఎవరికీ చెప్పను. ఎక్కు," అన్నాడు పుల్లడు.

గోమారి ఎక్కింది. చెవి వెనక చురుక్కుమంది.

"ఏంటది? కుట్టావా?"

"కుట్టడమా! గాలికి ఎగిరిపోకుండా చిన్న మేకు కొట్టుకున్నానన్నా."

మబ్బు చెదిరిపోయింది. ఎండ వచ్చింది. సాయంత్రం పుల్లడు మెల్లగా, "ఇక దిగుతావా?" అన్నాడు.

"వాన తగ్గేదాకా కదా అనుకున్నాం. రాని వాన తగ్గేదెట్లా అన్నా?" అంది గోమారి.

పుల్లడు ఆలోచించాడు. ఆ మాటలో ఎక్కడో తప్పుంది. ఎక్కడుందో దొరకలేదు. ఊరుకున్నాడు.

ఇరవై రోజులకు నిజంగానే వాన వచ్చింది. "ఇంత వానలో నన్ను బయటికి పొమ్మంటావా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది గోమారి. వాన తగ్గింది. "తడి నేలమీద నడిస్తే నాకు జలుబు చేస్తుంది," అంది. నేల ఆరింది. "మా మేనత్త వస్తానని కబురు చేసింది. ఆమె వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే బాగుండదు," అంది.

మేనత్త వచ్చింది. ఒక్కతే రాలేదు. ఇద్దరు అల్లుళ్లు, వాళ్ల తమ్ముళ్లు, తమ్ముళ్ల పిల్లలు, దారిలో కలిసిన ఇంకో నలుగురు కూడా వచ్చారు. అందరూ కలిసి పుల్లడి ముందు కాలి వేళ్ల సందులో ఒక పెళ్లి చేశారు. పెళ్లికి వచ్చినవాళ్లు తిరిగి పోలేదు. మెడ కింద కొందరు, తోక మొదట్లో కొందరు దిగిపోయారు. చెవి వెనక గది మేనత్తకు ఇచ్చేసి, మన గోమారి పొట్ట కిందికి మారింది. "ఇక్కడ మెత్తగా, చల్లగా ఉందన్నా. ముందే ఎందుకు చెప్పలేదు?" అని పుల్లణ్ణే తప్పుపట్టింది.

ఇప్పుడది ఆవగింజంత లేదు. ముందు పెసరగింజంత అయ్యింది. ఆ తరవాత శనగగింజంత. చివరికి ఆముదం గింజంత అయ్యి నిగనిగలాడింది.

పుల్లడి ఒంట్లో మాత్రం ఏదో కొత్త బాధ మొదలైంది. దానికి పేరు తెలీదు. గడ్డం మేకపోతు దగ్గరికి వెళ్లాడు. మందలో అదే పెద్దది. ఏమడిగినా తెలీదని చెప్పే అలవాటు దానికి లేదు.

"పెద్దయ్యా, నవ్వొచ్చినట్టుంటుంది, కానీ నవ్వు రాదు. ఏడుపొచ్చినట్టుంటుంది, కానీ ఏడుపూ కాదు. చీమలు పాకినట్టుంటుంది, చూస్తే చీమలుండవు. ఏంటిది?"

మేకపోతు నెమరు ఆపి, కళ్లు మూసుకుని చెప్పింది. "అరగలేదు. నాలుగు తుమ్మాకులు నములు."

పుల్లడు నమిలాడు. నోట్లో ముల్లు గుచ్చుకుంది. పాత బాధ పోలేదు, కొత్త బాధ ఒకటి వచ్చింది.

చెట్టుకేసి రుద్దుకున్నాడు. బండకేసి రుద్దుకున్నాడు. సుంకులమ్మ మంచం కోడుకేసి రుద్దుకుంటే మంచం కిర్రుకిర్రుమంది. తిండి సయించలేదు. పడుకుంటే నిద్ర లేదు, లేస్తే కాళ్లు నిలవవు.

ఒకరోజు పట్టపగలు తోడేలు కొండ దిగింది. మేకలన్నీ ఒక్కసారిగా "పుల్లా! పుల్లా!" అని అరిచాయి. పుల్లడు లేచాడు. నాలుగడుగులు వేశాడు. ముందు కాళ్లు మడతపడి బోర్లా పడ్డాడు. తోడేలు ఒక మేకపిల్లను కాలు పట్టి ఈడ్చుకుపోసాగింది.

సుంకులమ్మ కట్టె పట్టుకుని, "నీ కడుపు కాలా! వదులు!" అని అరుస్తూ వెంటపడింది. విసిరిన కట్టె తోడేలు ముక్కుకు తగిలింది. అది పిల్లను వదిలి పరుగెత్తింది. పిల్ల బతికింది. కానీ నెల రోజులు కుంటింది.

ఆ సాయంత్రం సుంకులమ్మ మొగుడు ఓబులేసు మేకపిల్ల కాలికి కట్టు కడుతూ అన్నాడు. "ఈ కుక్కకు వయసైపోయిందే. సోమవారం సంతకు తోలుకుపోయి, ఎవరికైనా ఇచ్చేసి కొత్తదాన్ని తెస్తా."

"మూడేళ్లకే వయసైపోయిందా? నీకు నలభై. నిన్నే సంతకు తోలుకుపోవాల?" అంది సుంకులమ్మ.

"నవ్వులాట కాదు. ఇవాళ పిల్ల కాలు పోయుండేది. రేపు నీ కాలు పోతే?"

పుల్లడు గోడ వారన పడుకుని అంతా విన్నాడు. తోక ఒకసారి నేలకు కొట్టాడు. ఆ ఇల్లు తప్ప వాడికి ఇంకో ఇల్లు తెలీదు.

మర్నాడు పొద్దున్నే సుంకులమ్మ వాణ్ణి ఒడిలోకి లాక్కుంది. పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

"నెత్తురంతా ఎటు పోతోందిరా నీకు?"

పుల్లడు ఆకాశం వైపు చూశాడు.

ఆమె చెవి మడిచి చూసింది. దాని వెనక ఆముదం గింజ కనిపించింది. "ఆముదాల చేనుకు ఎప్పుడు పోయావురా?" అంటూ పట్టి లాగింది.

"అబ్బా! మర్యాద లేదా? ఆడకూతుర్ని అట్లా పట్టుకోవచ్చా?" అని అరిచింది ఆముదం గింజ. అది మేనత్త.

సుంకులమ్మ ఉలిక్కిపడింది. మరుక్షణమే సంగతి అర్థమైంది. చట్టిలో వేడినీళ్లు తెచ్చుకుని కూర్చుంది. ఒక్కొక్క గోమారినీ తల దగ్గర పట్టి, నిదానంగా, తిన్నగా లాగి చట్టిలో వేసింది. అల్లుళ్లు పోయారు. తమ్ముళ్లు పోయారు. కాలి వేళ్ల సందులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకరి వెనక ఒకరు దాక్కుని దొరికిపోయారు. చేతిలోంచి జారి కిందపడ్డవాటిని కోడి చూసుకుంది. "రోజూ ఇట్లాగే పెట్టు సుంకులమ్మా," అంది కోడి.

ఆ తరవాత వేపాకు, పసుపు కలిపి నూరి, పుల్లడి ఒళ్లంతా పట్టించి కడిగింది. వాడు పడుకునే గోడ నెర్రెల్లో గోమార్ల పిల్లలు బిలబిలలాడుతుంటే, ఎర్రమట్టి పిసికి నెర్రెలన్నీ పూడ్చింది. పాత గోనెపట్టా కాల్చేసింది.

మూడు రోజులు గడిచాయి. పుల్లడు కాస్త తిన్నాడు. అయినా ఒళ్లు వణుకు పోలేదు. నిద్రలో మూలుగు పోలేదు.

"ఇంకొకటి ఉంది. పెద్దది. ఎక్కడుందిరా?" అంది సుంకులమ్మ.

పుల్లడు తల దించుకున్నాడు. "చెప్పలేనమ్మా. మాటిచ్చాను."

"ఎవరికి?"

"దానికే."

"నీ నెత్తురు తాగేదానికి మాటిచ్చావా!"

"అప్పుడది ఆవగింజంతే ఉందమ్మా," అన్నాడు పుల్లడు.

సుంకులమ్మకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కళ్లలో నీళ్లూ వచ్చాయి. రేపే సోమవారం. ఓబులేసు తాడు కూడా తీసి పెట్టుకున్నాడు.

"ఏమని మాటిచ్చావో ఉన్నదున్నట్టు చెప్పు."

"అది ఉన్నట్టు నా నోటితో ఎవరికీ చెప్పనని."

"నోటితోనేనా?"

"నోటితోనే."

"అయితే నోరు మూసుకుని పడుకో."

ఆమె ఒక చేత్తో పుల్లడి మూతి మూసిపట్టింది. ఇంకో చేత్తో వెతకడం మొదలుపెట్టింది. మెడమీద గోకింది. ఏమీ లేదు. వీపుమీద గోకింది. ఏమీ లేదు. పక్కటెముకల దగ్గరికి వచ్చేసరికి వెనక కాలు ఒకసారి ఉలిక్కిపడింది. సుంకులమ్మ చూసింది. చెయ్యి ఇంకాస్త కిందికి పోనిచ్చింది. కాలు రెండుసార్లు కొట్టుకుంది. పొట్ట కిందికి పోనిచ్చింది. అంతే! వెనక కాలు టకటకటకటకా కొట్టుకోసాగింది. దుమ్ము లేచింది. కాలు ఉత్త గాలినే గోకుతోంది.

పుల్లడు బిత్తరపోయాడు. మూసిన మూతిలోంచే, "ఆగు! ఆగు!" అన్నాడు కాలితో.

"నేనెందుకు ఆగాలి? మాటిచ్చింది నువ్వు. నన్నెవరూ ఏమీ అడగలేదు," అంది వెనక కాలు. "అమ్మా, అక్కడే. ఇంకాస్త ఎడమకు. ఆ, అదీ!"

సుంకులమ్మ వెంట్రుకలు పాయ తీసింది. ఆముదం గింజంత గోమారి, కడుపు నిండి కదల్లేక, నిగనిగలాడుతూ కూర్చుని ఉంది.

"మోసం! పుల్లన్నా, మాట తప్పావు!" అని గగ్గోలు పెట్టింది.

సుంకులమ్మ వాడి మూతి వదిలింది. పుల్లడు గోమారితో చాలా మర్యాదగా అన్నాడు. "నా నోరు అమ్మ చేతిలోనే ఉంది కదమ్మా. నేనేం చెప్పాను?"

గోమారి ఇంకేదో అనబోయింది. ఈలోపు అది చట్టి వైపు ప్రయాణంలో ఉంది. మధ్యలో జారి నేలమీద పడింది. కోడి అటే చూస్తోంది. కోడి వచ్చేలోపే పడి లేచి, ఆ భారీ శరీరంతో దొర్లుకుంటూ దొర్లుకుంటూ గడ్డిలో పడి కనబడకుండా పోయింది.

ఆ రోజు పుల్లడు పొయ్యి పక్కన వెచ్చని బూడిదలో పడుకుని, పొద్దు గుంకకముందే గురకపెట్టాడు.

సోమవారం పొద్దున ఓబులేసు తాడు తీసుకుని వచ్చేసరికి బూడిదలో పుల్లడు లేడు. కొండవైపు నుంచి ఒకటే మొరుగుడు. తోడేలు మళ్లీ దిగిందట. పుల్లడు దాన్ని మూడు బండలు దాటించి, నాలుగో బండ ఎక్కి నిలబడి ఇంకా తిడుతున్నాడు. మేకపోతు కింద నిలబడి, "నేనప్పుడే చెప్పాను, తుమ్మాకు పనిచేస్తుందని," అని అందరికీ చెబుతోంది.

ఓబులేసు తాడు వైపు చూశాడు, కొండ వైపు చూశాడు, పెళ్లాం వైపు మాత్రం చూడలేదు. ఒక్కడే సంతకు వెళ్లాడు. వచ్చేటప్పుడు కొత్త కుక్కను తేలేదు. ఒక ముంతలో వేపనూనె తెచ్చాడు. "పుల్లడికి వారం వారం రాయి. గోకేటప్పుడు నన్ను పిలువు, ఆ కాలు చూడాలి," అన్నాడు.

గడ్డిలో పడిన గోమారి పిల్లల్ని పెట్టింది. ఆ పిల్లలూ గడ్డిపోచల చివర నిలబడి ముందు కాళ్లు చాస్తూనే ఉన్నాయి. మొహమాటం ఉన్న కుక్కలూ పుడుతూనే ఉన్నాయి. కానీ పుల్లడి వెనక కాలి కబురు కొండ కింది కుక్కలన్నింటికీ పాకింది. ప్రతి కుక్కా తన వెనక కాళ్లను అడిగి చూసింది. అన్ని కాళ్లూ ఒకే మాట చెప్పాయి. "నోరు ఎవరికి ఏ మాటైనా ఇచ్చుకోనీ. మేం మాత్రం ఎవరికీ ఇవ్వం."

అప్పటినుంచే, మీరు ఏ కుక్క పొట్టమీద గోకినా, అది కళ్లు మూసుకుని ఏమీ ఎరగనట్టు పడుకుంటుంది, వెనక కాలు మాత్రం తనంతట తానే టకటకా కొట్టుకుంటూ, "ఇక్కడే, ఇంకాస్త ఎడమకు" అంటుంది.