సుబ్బలక్ష్మమ్మ పేరు ముక్కలైన రోజు

ఓబులేసుకు పొద్దున్నించీ నా పేరు కుదరడం లేదు.

సాయంత్రం నాలుగింటికి బడిలో నాకు వీడ్కోలు సభ. ఆదోనిలో ముప్పై ఎనిమిదేళ్ళు బడిగంట కొట్టిన ఆయాను. కొట్టీ కొట్టీ నా కుడిచెయ్యి ఎడమచేతికంటే జానెడు పొడుగైంది. అన్నేళ్ళలో నా పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా పడలేదు. ఇప్పుడు ఫ్లెక్సీ మీద, నా ఫొటో కింద, మూరెడు అక్షరాలతో పడబోతోంది. అందుకే ఓబులేసు పనిచేసే ఫ్లెక్సీల దుకాణం తలుపు తీయకముందే పోయి మెట్టు మీద కూచున్నాను.

తీరా చూస్తే కంప్యూటర్ తెర మీద నా పేరు చితికిపోయి ఉంది. వత్తులేవీ కింద లేవు. ప్రతి అక్షరమూ విడిపోయి, నెత్తిన పొల్లు పెట్టుకుని, పక్కపక్కన నిలబడింది.

"ఇదేందిరా, నా పేరేనా? ఏనుగులు తొక్కినట్టుంది!"

"ఫాంటు దోషం పెద్దమ్మా. ఉండు."

ఉన్నాను. వాడు ఫాంట్లు మార్చాడు, నా లెక్కన నాలుగు వేలు. కంప్యూటర్ని ఆపాడు, వేశాడు, మళ్ళీ ఆపాడు. మధ్యాహ్నం దాటాక నావైపు తిరిగి, "నీ పేరే పెద్దది. ఉత్త 'ఆయమ్మ' అని పెడదామా?" అన్నాడు.

"పెట్టు. నీ పెళ్ళి ఫ్లెక్సీలో నేను ఉత్త 'పెళ్ళికొడుకు' అని పెట్టిస్తా."

వాడు మూతి ముడిచాడు. నేను ఎదురు కొట్టు చూపించి, "సలోమిని అడగరాదూ?" అన్నాను.

"ఆ పిల్లకు మౌసు పట్టుకునేది నేర్పిందే నేను. నేను పోయి అడగాల్నా?"

సలోమి ఏడాది కిందటిదాకా వాడి దగ్గరే పని నేర్చుకుంది. వాడి వెటకారం పడలేక ఎదురుగా సొంత కొట్టు పెట్టుకుంది.

మూలన కుర్చీలో దస్తగిరి సాయిబు ఇదంతా వింటున్నాడు. కొట్టు ఆయనదే. ఓబులేసుకు పని నేర్పిన ఉస్తాద్ కూడా ఆయనే. కంప్యూటర్లు రాకముందు ఆ గదిలో అచ్చుయంత్రం ఉండేది. బడి పరీక్ష పేపర్లు అచ్చుకు తీసుకుపోయేది నేనే. ఆయన నాతో మాట్లాడుతూనే, కన్నెత్తకుండా, చెక్క గళ్ళలోంచి సీసపు అక్షరాలు ఏరేవాడు, పిచ్చుక వడ్లు ఏరినట్టు. గదంతా సిరా, కిరసనాయిలు వాసన. ఆ రోజుల్లో కట్టిన చీర ఇప్పుడు ఉతికినా ఆ వాసనే వస్తుంది. ఇప్పుడు ఆ యంత్రం లేదు, దాని చోట ఈ కంప్యూటర్ కూచుంది.

సాయిబు చేతికర్ర అందుకుని లేచాడు. ఎండలో రోడ్డు దాటాడు. నేనూ వెంటపడ్డాను.

సలోమి గాభరాగా లేచింది. "మీరొచ్చినారేంది తాతా? పిలిస్తే నేనే వచ్చేదాన్ని గదా."

"చదువుకోడానికి వచ్చినా తల్లీ. కూచోనిస్తావా?"

డెబ్బై ఆరేళ్ళ మనిషి స్టూలు మీద చేతులు కట్టుకుని కూచున్నాడు. ఒకటో తరగతి పిల్లలు కూడా అంత బుద్ధిగా కూచోవడం నేను చూడలేదు. ఆ పిల్ల మొదట సిగ్గుపడింది, తర్వాత చెప్పింది. ఆ ప్రోగ్రాం అక్షరాలన్నిటినీ ఇంగ్లీషువాటిలాగా ఒక వరసలో కూర్చోబెడుతోందట. మన భాషలకు వేరే ఏర్పాటుందట. అది ఎంచి, ప్రోగ్రాం మూసి తెరిస్తే సరి. ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. సాయిబు మూడుసార్లు అప్పజెప్పాడు.

తిరిగొచ్చేసరికి మూడైంది.

"దొరికిందా ఉస్తాద్?" ఓబులేసు గొంతు చిన్నదైంది.

"దొరికింది. బాగా చెప్పింది." సాయిబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రోడ్డు దాటేలోపల మర్చిపోతిని."

నేను నోరు తెరిచాను. నాకు గుర్తుంది గదా! సాయిబు నావైపు ఒక్క చూపు చూశాడు. మూడూళ్ళకు వినపడే నా నోరు టక్కున మూసుకుపోయింది.

ఇరవై ఏళ్ళనాటి పెళ్ళిపత్రికలో ముహూర్తం గడియలతో సహా చెప్పే మనిషి, మర్చిపోయాడట!

ఓబులేసు గడియారం చూశాడు. తెర చూశాడు. నన్ను చూశాడు. నేను కొంగుతో మొహం తుడుచుకుంటున్నాను, ఎండకే అనుకోండి.

వాడు లేచాడు.

ఆ రోడ్డు పదిహేనడుగులు. వాడికి తుంగభద్ర ఈదినంత సేపు పట్టింది. గుమ్మంలో నిలబడి ఏమన్నాడో బస్సు మోతలో వినపడలేదు. సలోమి కాసేపు వాడి మొహం చూసి, స్టూలు ముందుకు జరపడం మాత్రం కనపడింది.

వాడు తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూచున్నాడు. ఒకచోట నొక్కాడు, మూశాడు, తెరిచాడు. విడిపోయినవన్నీ ఒకదాని కిందికొకటి చేరి, నా పేరు నిండుగా నిలబడింది.

ఫ్లెక్సీ అచ్చుకు పంపి, ఓబులేసు సాయిబు కుర్చీ దగ్గరికొచ్చాడు.

"నిజంగానే మర్చిపోయినారా ఉస్తాద్?"

"ముసలితనం గదా నాయనా," అన్నాడు సాయిబు. "దోవ ఒక్కటే గుర్తుంటుంది."