లక్కతో మూసిన గాజు బుడ్డి

అనగా అనగా, ఇంటికొక కొలను ఉన్న రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజుగారు తన కూతురు తరళను ఎడారి దేశపు రాకుమారుడికిచ్చి పెళ్ళి చేశాడు.

ఆ దేశంలో ఎటు చూసినా ఇసుకే. ఆమె మాట అక్కడివాళ్ళకు రాదు. వాళ్ళ మాట ఆమెకు రాదు. కొన్నాళ్ళు చూసి తండ్రికి కబురు పంపింది.

"నాన్నగారూ, మన కొలనులోంచి ప్రాణమున్నది ఏదైనా పంపండి. పలకకపోయినా సరే, కదులుతూ ఉంటే చూసుకుంటాను."

రాజు మనసు విలవిలలాడింది. గాజు బుడ్డిలో కొలను నీళ్ళు పోయించి, ఒక నత్తను వేయించాడు. ఒంటె కుదుపులకు నీళ్ళు ఒలకకుండా మూతి మీద లక్క కరిగించి పోయడం రాజుగారి పనివాళ్ళ అలవాటు. అలాగే పోశారు. బుడ్డి క్షేమంగా చేరింది. నత్త చచ్చిపోయింది.

"పాపం, తోడు లేక దిగులుతో పోయింది" అనుకున్నాడు రాజు. రెండోసారి రెండు నత్తల్ని పంపాడు. అవి సగం దారిలోనే పోయాయి.

మూడోసారి నత్తకు తిండిగా ఒక నాచు మొక్కను కూడా వేయించి, ఎప్పటిలాగే మూతికి లక్క పోయించాడు. ఎండ తగిలి చస్తున్నాయేమోనని బుడ్డికి మూడు పొరల పట్టుగుడ్డ చుట్టించి, ముడి మీద రాజముద్ర వేయించాడు. దాన్ని వీరిశెట్టి అనే వర్తకుడి చేతిలో పెట్టాడు.

"శెట్టీ, ఈ ముడి నా కూతురే విప్పాలి. దారిలో విప్పావా, మళ్ళీ ఈ రాజ్యంలో అడుగు పెట్టకు. ఇది కూడా చచ్చి చేరితే ఆ పిల్ల తట్టుకోలేదు."

"చిత్తం ప్రభూ" అన్నాడు వీరిశెట్టి.

ఎడారిలో ఒక మధ్యాహ్నం ఒంటె నీడన కూర్చుని ఉండగా, మూటలోంచి సన్నని గొంతులు వినిపించాయి. శెట్టి చెవి ఆనించాడు.

"ఏమే నాచూ, నాకు ఊపిరాడటం లేదు. నా గాలి నువ్వు కాజేస్తున్నావా?" అంది నత్త.

"కొంచెం పీలుస్తున్నాను వదినా, దాచడమెందుకు? ప్రాణమున్నాక నాకు మాత్రం ఊపిరి వద్దా?"

"దొంగ మొహమా! తోడుకి వచ్చావనుకుంటే వాటాకి వచ్చావా?"

"తిట్టడం అయ్యాక నా మాట కూడా విను. వెలుతురు ఉంటే నా కథ వేరు. నువ్వు వదిలిన చెడుగాలినే నీళ్ళతో కలిపి, ఎండనే పొయ్యి చేసుకుని, నా ఆకుల్లో తీపి వండుకుంటాను. అప్పుడు మంచి గాలి పుడుతుంది. నేను పీల్చగా ఇంకా బోలెడు మిగులుతుంది. అది నీదే."

"మరి నా వల్ల నీకేం ఒరిగింది?"

"అదేం మాట? నువ్వు నా ఆకు కొరికి, ఆ గాలి పీల్చి, లోపలి తీపిని బలం చేసుకుంటావు. అప్పుడు నీ ఒంట్లోంచి మళ్ళీ ఆ చెడుగాలీ, నీళ్ళే బయటికొస్తాయి. నా వంటకు అవే కావాలి. నీ పని తిరగేస్తే నా పని."

"అయితే వండవే!"

"ఈ చీకట్లో పొయ్యెలా వెలుగుతుంది వదినా? ఇలాగే ఉంటే ముందు నువ్వు పోతావు, వెనకాలే నేను."

ఆ తర్వాత మాటలు వినిపించలేదు. శెట్టి రాజముద్ర వంక చూశాడు. విప్పితే సొంత ఊరు ఉండదు. పలకరించే మనిషి లేని చోట బతకాలి. విప్పకపోతే, అలాంటి చోట బతుకుతున్న ఆ పిల్లకు మరో చచ్చిన నత్త చేరుతుంది.

ముద్ర పగలగొట్టి, ముడి విప్పి, పట్టుగుడ్డ తీసేశాడు.

బుడ్డిని వెలుతురులో ఉంచి, మరీ వేడెక్కకుండా ఒంటె నీడలో పట్టుకున్నాడు. కాసేపటికి నాచు ఆకు మీద చిన్న బుడగ పుట్టింది. తర్వాత ఇంకొకటి. చాలాసేపటికి నత్త కొమ్ము బయటపెట్టింది.

ఎడారి దేశపు కోటలో తరళ గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. శెట్టి బుడ్డిని ఆమె చేతికిచ్చి తలవంచాడు.

"ముడి నేనే విప్పానమ్మా. తప్పు నాదే."

పాకుతున్న నత్తను చూసి తరళ కళ్ళు తుడుచుకుంది. "నాన్నగారికి నేను చెబుతాను. నువ్వు నిశ్చింతగా ఇంటికి వెళ్ళు. దీన్ని ఎక్కడ పెట్టను?"

"వెలుతురున్న చోట, అమ్మా."

ఆ దేశం వచ్చాక మొదటిసారి ఆమె కిటికీ తలుపు తెరిచింది. బుడ్డిని గట్టు మీద పెట్టింది. ఎదుటి మేడ మీద బట్టలారేస్తున్న ఒకావిడ పచ్చటి నీళ్ళను చూసి ఆగిపోయింది. చెయ్యి ఊపి ఏదో అడిగింది. తరళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బుడ్డి వైపు వేలు చూపించి, "నత్త" అంది.

"నత్త" అంది ఎదుటావిడ, నవ్వుతూ.

పిల్లలూ, ఒకరు వదిలినదే మరొకరికి ఊపిరి. అది అటూ ఇటూ తిరగకుండా ఎంత ప్రేమతో మూసి దాచినా, లోపలి ప్రాణం నిలవదు.