నల్లేరు పొడి, నలభై రోజులు

వేదాద్రిగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఎదుట చాప మీద ఎండుతున్న ఆకులో పుల్లలు ఏరుతూ, అడిగినది తనలో నానేదాకా ఊరుకునేవారు. మూలికల మీద పరిశోధన చేసే ఆ చిన్న సంస్థలో అందరికీ ఆ మౌనం అలవాటే.

ఒక ఉదయం శిష్యురాలు హైమవతి కాస్త నొచ్చుకుంటూనే అడిగింది. కీళ్లనొప్పులవాళ్లకు ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లకు రెండు రకాల పొట్లాలు ఇస్తున్నారు. ఒకదానిలో మూలిక పొడి, రెండోదానిలో అచ్చం అలాగే కనిపించే ఉత్త పిండి. ఎవరికి ఏది వెళ్లిందో పుచ్చుకునేవాళ్లకు తెలియదు, ఇచ్చే హైమవతికీ తెలియదు. నమ్మి వచ్చినవాళ్ల దగ్గర ఇంత దాపరికం ఎందుకని ఆమె బాధ.

"తగ్గిందా అని అడిగితే వాళ్లు నిజం చెప్పరా, గురువుగారూ?"

ఆయన చాలాసేపు ఆకులు ఏరి, తన ఇరవై ఆరో ఏట జరిగిన సంగతి చెప్పారు.

అప్పుడు వాళ్ల ఇల్లు గోదావరి లంకలో ఉండేది. ఆయనకు నల్లేరు మీద గొప్ప ఆశ. కాడలు నీడన ఎండబెట్టి, దంచి, జల్లించిన పొడిని మజ్జిగలో కలిపి తల్లి సూరమ్మకు తనే ఇచ్చేవారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. రోజూ పక్కన కూర్చుని, ఎలా ఉందమ్మా అని అడిగేవారు. మొదటి వారం కొంచెం నయమంది. తర్వాత ఇంకొంచెం. నెల దాటేసరికి నొప్పి సంగతే మరిచిపోయానంది. ఆయన ప్రతి మాటా రాసుకున్నారు. పట్నంలో వైద్యుల సభలో దాన్ని చదవడానికి రోజు కూడా ఖాయమైంది.

ప్రయాణానికి ముందురోజు తెల్లవారేసరికి లంకంతా మంచు. ఏరూ గట్టూ అరటితోటలూ పాలలో కరిగిపోయినట్టున్నాయి. నడుము లోతు నీళ్లలో స్నానం చేస్తున్న ఆయనకు రేవు మెట్ల మీద ఒక తెల్లటి ఆకారం కనిపించింది. మెట్టు మీద కూర్చుని, చేతులు ఊని, కింది మెట్టుకు జరిగి, ఆగి, మళ్లీ జరుగుతోంది. బిందె కూడా ఆమెతోపాటే ఒక్కో మెట్టూ దిగుతోంది. ఎవరో ముసలమ్మ అనుకున్నారట.

గాలికి మంచు కాస్త విడింది. ఆమె కొడుకుని చూసింది. చప్పున లేచి, కొంగు సర్దుకుని, నవ్వుతూ మిగిలిన మెట్లు నడిచి దిగింది.

ఆయన నీళ్లలోంచి గబగబా వచ్చి బిందె అందుకున్నారు. నొప్పి తగ్గలేదన్న సంగతి ఎందుకు చెప్పలేదని అడిగారు. ఆముదం కాపడంతో కాస్త సుఖంగా ఉండేదని, నల్లేరుకే పేరు రావాలని అదీ మానేశానని ఆమె తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది.

"అడిగేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదు నాయనా. తగ్గలేదని ఎలా అనను?" అంది.

ఆయన సభకు వెళ్లలేదు. ఆ పూట ఆముదం వెచ్చచేసి, తల్లి కాళ్లు ఒళ్లో పెట్టుకుని కాపడం పెట్టారు. ఎలా ఉందని అడగలేదు. మంచు పూర్తిగా విడిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

హైమవతి తనూ చాప మీది ఆకులోంచి ఒక పుల్ల ఏరింది. తర్వాత, మరి నల్లేరు పనిచేసినట్టా, చేయనట్టా అని మెల్లగా అడిగింది.

"ఏమో తల్లీ," అన్నారు వేదాద్రిగారు. "ఆ నలభై రోజులూ నేను కొలిచింది మోకాళ్లను కాదు."