జేగురు బొట్టు లేని పొన్నమ్మ

నల్లగుట్ట అడవిలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, ఇంకా ఎన్నో చిన్నాచితకా ప్రాణులు ఉండేవి. అడవి మధ్య పల్లంలో ఒక గుహ ఉంది. అది అందరి మందుల గుహ.

ఏనుగులు కొమ్మలు వంచి తేనెపట్టు అందించేవి. ఉడుతలు బెరడు తెచ్చేవి. ఏ వాలులో ఏ ఆకు చిగురించిందో దుప్పులు చూసి చెప్పేవి. భద్రయ్య అనే ఎలుగుబంటి వాటితో మందులు చేసేవాడు. జబ్బు చేస్తే ఎవరైనా వచ్చి మందు పుచ్చుకోవచ్చు.

ఈ సంగతి పక్క అడవి నక్కలకు తెలిసింది. అవి పొట్ట పట్టుకుని మూలుగుతూ వచ్చేవి. తేనె నాకి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయేవి. ఒక వానాకాలంలో కుందేలు పిల్ల ఒకటి దగ్గుతో వచ్చింది. దానికి ఇవ్వడానికి తేనె చుక్క కూడా మిగల్లేదు. ఆ పిల్ల బతకలేదు.

అడవికి పెద్ద మాతంగి అనే ఏనుగు. ఆమె అందరినీ పిలిచింది. కేతయ్య అనే కొండముచ్చు ముందుకు దూకాడు.

"కాపలా లేకే ఇదంతా జరిగింది. ఇకమీద ప్రతి పున్నమి ఉదయం అందరూ గుట్ట మీది బండ దగ్గరికి రావాలి. 'మాది ఈ అడవే' అని నా ముందు చెప్పాలి. చెప్పినవాళ్ళకు నుదుట జేగురు బొట్టు పెడతాను. ఆ ఎర్రమట్టి బొట్టు ఉన్నవాళ్ళకే మందు" అన్నాడు.

"గుట్ట ఎక్కలేనివాళ్ళ సంగతి?" అని అడిగింది మాతంగి.

"నిజంగా అవసరం ఉంటే ఎలాగైనా ఎక్కుతారు" అన్నాడు కేతయ్య.

కుందేలు పిల్ల దగ్గు ఇంకా అందరి చెవుల్లోనూ ఉంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. అది చట్టమైంది. కాపలా పని కేతయ్యకే ఇచ్చారు.

వాగు అవతల వెదురుపొదల్లో పొన్నమ్మ అనే ముసలి దుప్పి ఉండేది. ఆమె ముందుకాలు గిట్ట పైన వాచింది. కొత్త గడ్డి కోసం మంద తూర్పు లోయకు వెళ్ళినప్పుడు ఆమె వాళ్ళతో నడవలేకపోయింది. కొంతదూరం వెంట వెళ్ళి ఆగిపోయింది. మందలో ఎవరూ వెనక్కి చూడలేదు.

అప్పటినుంచి ఆమెకు ఆ గుహే దిక్కు. మెల్లగా వాగు దాటి, పల్లం వెంట నడిచి వెళ్ళేది. భద్రయ్య కాలికి ఆకుపసరు పోసి కట్టు కట్టేవాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు "బాగున్నావా పొన్నమ్మా?" అని పలకరించేవాళ్ళు. నొప్పి తగ్గడం కన్నా ఆ మాట కోసమే ఎక్కువగా వెళ్ళేది.

చట్టం వచ్చాక పొన్నమ్మ గుట్ట ఎక్కడానికి ప్రయత్నించింది. రాళ్ళ మీద కాలు జారింది. సగం దూరం కూడా పోకుండానే దిగి వచ్చేసింది. తర్వాత కట్టు వదులైతే గుహకు వెళ్ళింది. గుహ ముందు కొమ్మ మీద కేతయ్య కూర్చుని ఉన్నాడు.

"అవ్వా, బొట్టు ఏది?"

"గుట్ట ఎక్కలేకపోయాను నాయనా. ఇదుగో, ఈ కాలు చూడు."

"కాలు చూసేది నేను కాదు. నేను నుదురు చూస్తాను."

లోపలినుంచి భద్రయ్య బయటికి వచ్చాడు. "ఈవిడ నాకు తెలుసు కేతయ్యా. ఎన్నాళ్ళనుంచో వస్తోంది" అన్నాడు.

"చట్టం కూడా మీకు తెలుసు కదా? బొట్టు లేనివాళ్ళకు మందిస్తే మీ గుహ మూయించాల్సి వస్తుంది" అన్నాడు కేతయ్య.

భద్రయ్య చేతిలో ఆకు కట్టు ఉంది. ఆయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పొన్నమ్మ ఆయన ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా వెనక్కి తిరిగింది.

అదే రోజు రెండు నక్కలు నుదుట ఎర్రగా బొట్లు పెట్టుకుని వచ్చాయి. వాటి కాళ్ళు బాగున్నాయి. అవి పున్నమి ఉదయమే అందరికన్నా ముందు గుట్ట ఎక్కి "మాది ఈ అడవే" అన్నాయి. కేతయ్య వాటిని లోపలికి పంపాడు.

"చూశారా, గుహ దగ్గర రద్దీ ఎంత తగ్గిందో!" అని మాతంగితో గొప్పగా చెప్పుకున్నాడు.

పొన్నమ్మ కాలు పాడవుతూ వచ్చింది. ఇప్పుడు వాగు దాటడం కూడా కష్టమైంది. రాలిన కాయలు తిని, పొదలోనే పడుకునేది. వెదురు ఆకులు రాసుకుంటే ఎవరో వస్తున్నారనుకుని తల ఎత్తేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఒక సాయంత్రం ఆమె "పొన్నమ్మా" అని తనే పైకి అంది. ఆ పిలుపు విని చాలా రోజులైంది.

ఒకరోజు కేతయ్య జేగురు మట్టి కోసం వాగు అవతలికి వచ్చాడు. చూసుకోకుండా ఎండిన కొమ్మ మీదికి దూకాడు. కొమ్మ విరిగింది. కేతయ్య నడుము బండకు తగిలింది. లేవబోయాడు. కాళ్ళు కదల్లేదు. తనవాళ్ళను కేక వేశాడు. వాళ్ళందరూ గుట్ట మీద ఉన్నారు.

కేక విని పొన్నమ్మ మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చింది.

"అవ్వా, నీకు పుణ్యముంటుంది. పోయి భద్రయ్యను పిలుచుకురా!"

పొన్నమ్మ వాగు దాకా వెళ్ళింది. నీళ్ళలో కాలు పెట్టగానే కూలబడింది. మళ్ళీ లేచి వెనక్కి వచ్చింది.

"మొన్నటిదాకా ఈ కాలు వాగు దాటేది నాయనా. కట్టు ఉన్నన్నాళ్ళు దాటేది. ఇప్పుడు దాటడం లేదు" అంది.

ఆమె మాటలో కోపం లేదు. కేతయ్య కళ్ళు మూసుకున్నాడు.

పొన్నమ్మ వాగులో తడిసిన ఆకులు నోట పట్టి తెచ్చి అతని పెదాల దగ్గర పెట్టింది. గొంతు ఉన్నంతసేపు అరిచింది. తర్వాత అతని పక్కనే పడుకుంది.

మర్నాడు గుహ ముందు కాపలా లేదు. భద్రయ్య ఖాళీ కొమ్మను చూశాడు. పొన్నమ్మ ముఖం గుర్తుకొచ్చింది. పసరు తీసుకుని వాగు వైపు నడిచాడు. అక్కడ ఇద్దరూ పడి ఉన్నారు.

"భద్రయ్యా, నా బొట్టు చెరిగిపోయింది" అన్నాడు కేతయ్య నీరసంగా.

"ముందు నడుము చూడనీ" అన్నాడు భద్రయ్య.

ఇద్దరికీ కట్లు కట్టాక ఆయన పొన్నమ్మ వైపు తిరిగాడు. "నొప్పి తగ్గుతుంది అక్కా. కుంటితనం మాత్రం పోదు. నేను ఆలస్యం చేశాను."

"వచ్చావు కదా" అంది పొన్నమ్మ.

కొన్నాళ్ళకు మాతంగి మళ్ళీ అందరినీ పిలిచింది. కేతయ్య నేలమీద పాకుతూ వచ్చాడు.

"కాపలా ఉండాలన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ గుహలో తేనె ఇంకా పోతూనే ఉంది. నేను ఎక్కమన్న గుట్టను దొంగలు సులువుగా ఎక్కారు. ఎక్కలేకపోయింది రోగులే" అన్నాడు.

చట్టం మారింది. కాపలావాళ్ళే ఎవరెక్కడ ఉంటారో అడిగి, ఇల్లిల్లూ తిరిగి చూడడం మొదలుపెట్టారు. నక్కలు ఉంటున్నామన్న చోట బొరియలే లేవు. వాటిని తరిమేశారు. ఎవరు ఎక్కడ మంచాన పడి ఉన్నారో కూడా అప్పుడే తెలిసింది. గుహలో తేనె నిలిచింది. భద్రయ్య మాటకు అడవిలో విలువ పెరిగింది.

కేతయ్య మాత్రం మళ్ళీ దూకలేకపోయాడు. ఎండాకాలం రాగానే కొండముచ్చుల గుంపు కొమ్మల మీదుగా చింతతోపుకు బయలుదేరింది. అతను చెట్టు కింద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

పొన్నమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"మీవాళ్ళు వెళ్ళారా?"

"వెళ్ళారు అవ్వా."

"మొదట్లోనే కష్టంగా ఉంటుంది" అంది పొన్నమ్మ.

గుంపు వెళ్ళిన దారిలో కొమ్మలు ఇంకా ఊగుతున్నాయి. అవి ఆగేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.

నీతి: దొంగలను ఆపడానికి పెట్టిన కాపలా రోగులను ఆపకూడదు, మన దగ్గరికి రాలేనివాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళి చూడాలి.