గూట్లోని కంచం

"మాస్టారూ, తన ఇంట్లోనే ఒక మనిషి కొత్తవాడు ఎలా అవుతాడండీ?" అని సోమలింగం అడిగాడు.

అడిగింది చిన్నంనాయుడు గారిని. ఆయన నలభై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక ఊరుకోలేక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మొదలుపెట్టారు. ఒక్కో మాటకీ ఒక్కో చీటీ. చీటీలన్నీ బిస్కట్ డబ్బాల్లో. సాయానికి చేరిన శిష్యుడు సోమలింగం బుద్ధిమంతుడే గానీ, ప్రతి మాటనీ ఏదో ఒక డబ్బాలో పెట్టి మూత బిగిస్తే తప్ప అతనికి అన్నం సయించదు. అలాంటివాడు 'స్ట్రేంజ్' అనే మాట దగ్గర రెండు రోజులుగా కూలబడ్డాడు.

నిజానికి చీటీ చాలావరకు నిండింది. రెండు తలల దూడ పుడితే వింత. ఎదురింటి కోడలు ఏం చేసినా విడ్డూరం. అత్తారింట్లో మొదటి వారం అల్లుడికి కొత్త. ఎరగని ఊరు పరాయి. ఇంతవరకు అతనికి పేచీ లేదు. ఎక్కడో ఇంగ్లీషు పుస్తకంలో ఒకడు తన ఇంట్లో తన వాళ్ళ మధ్యే 'స్ట్రేంజ్'గా కూర్చున్నాడని చదివాడు. అక్కడ పట్టుకుంది.

"మనిషి తెలిసినవాడైనా కావాలి, తెలియనివాడైనా కావాలి. ఇది తప్పు ప్రయోగమండీ. కొట్టేస్తాను" అన్నాడు.

మాస్టారికి వాదించే అలవాటు లేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారంటే ఏదో చెప్పబోతున్నారని లెక్క. ఆ రోజు తుడవడం చాలాసేపు పట్టింది. తర్వాత తన అక్క దాలమ్మ సంగతి చెప్పారు. సోమలింగం నాకు చెప్పాడు, నేను మీకు చెబుతున్నాను.

దాలమ్మ భర్త అసిరయ్య పెళ్ళైన నాలుగో ఏట రంగూన్ వెళ్ళాడు, బియ్యం మిల్లులో పనికి. ఆ రోజుల్లో కళింగపట్నం వైపు పల్లెల్లో ఓడెక్కని ఇల్లు లేదు. ఏడాదిలో వస్తానన్నవాడు పదకొండేళ్ళు రాలేదు. మధ్యలో యుద్ధం వచ్చింది. నాలుగేళ్ళు ఉత్తరమైనా లేదు. బొట్టు తీసెయ్యమని చెప్పిన పెద్దలూ ఉన్నారు. ఆమె తీయలేదు.

ఆ ప్రాంతంలో ఇంట్లో ఎవరి కంచం వాళ్ళది. చుట్టాలకైతే అడ్డాకుల విస్తరి వేస్తారు. అసిరయ్య కంచు కంచం వంటింటి గూట్లో ఉండేది. దాలమ్మ రోజూ తన కంచంతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమి, కడిగి, బోర్లించేది. మన మాస్టారు అప్పటికి ఆ ఊరి బళ్ళోనే కొత్తగా చేరి అక్క ఇంట్లో ఉండేవారు. ఎవరూ తినని కంచం ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ మెరిసేదట.

అసిరయ్య వచ్చాడు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఆ పూట పాతికమంది భోజనం, అందరికీ విస్తళ్ళే, అతనికీ విస్తరే. అది సరే. మర్నాడు చుట్టాలు వెళ్ళిపోయారు. దాలమ్మ తమ్ముడికి కంచం పెట్టింది, మొగుడికి విస్తరి వేసింది. ఆ మర్నాడూ అంతే.

అసిరయ్య గూటి వైపు ఒకసారి చూశాడు. విస్తరి ముందు కూర్చున్నాడు. పదకొండేళ్ళు పరాయి పంక్తిలో తిన్న మనిషి. కూర బాగుందన్నాడు, చారు బాగుందన్నాడు, చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకప్పుడు ఇదే మనిషి వంకపెట్టకుండా ముద్ద మింగేవాడు కాదు. ఉప్పు సరిపోయినా సరిపోలేదనేవాడు. కొత్త కాపురంలో దాలమ్మ దానికి ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఇరవై రోజులు ఇలాగే గడిచాయి. ఇద్దరూ ఒకరికొకరు ఎంత మర్యాద చేసుకున్నారంటే చూసేవాళ్ళకి గుండె పిండినట్టయ్యేది.

తమ్ముడు ఉండబట్టలేక అడిగారు. "అక్కా, బావకి కంచమెందుకు పెట్టవే?"

"అది మీ బావది తమ్ముడూ."

"మరి వచ్చేడు కదే!"

దాలమ్మ కుండ మీద మూత సర్దింది. "వచ్చినాయన మంచోడే. ఏది పెట్టినా బాగుందంటాడు. ఏటి సెయ్యను? చెయ్యి గూటి దాకా ఎల్తాది, అందుకోదు. ఆయన రంగూన్లో ఉన్నన్నాళ్ళూ నాకు తోడుగా ఉన్నట్టే ఉండీది. ఇప్పుడు ఈయన ఎదురుగా కూకుంటే, ఆయన మీద బెంగగా ఉందిరా."

అటు అసిరయ్య కూడా అరుగు మీద బావమరిదితో అన్నాడు. "విస్తట్లో తినీవోడు ఎన్నాళ్ళుంటాడయ్యా ఒకరింట్లో? బేస్తవారం ఓడుంది. నే ఎల్లిపోతాను. దానికి సెప్పకు, నానే సెప్తాను."

చెప్పాడు. ఆమె సరేనంది. ఉండమని ఒక్క మాట అనాలని ఆమెకీ ఉంది, అనిపించుకోవాలని అతనికీ ఉంది. అయినా చుట్టాన్ని ఎంత ఉండమంటే మాత్రం ఉంటాడు?

బుధవారం పొద్దున్న ట్రంకు పెట్టెకి తాడు కట్టారు. రేవుకి వెళ్ళే బండి వాకిట్లోకి వచ్చింది. ఈసారి వెళ్తే అతను తిరిగి రాడని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. దాలమ్మ కందిపప్పు వండింది, వంకాయ కూర చేసింది. విస్తరి వేసి, నీళ్ళు చల్లి, వడ్డించి, తలుపు పక్కన నిలబడింది.

అసిరయ్య పప్పూ అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. బావమరిది కూడా అప్పుడే ముద్ద పెట్టుకుని తలెత్తారు. దాలమ్మ మాత్రం అతని నోటి వైపే చూస్తోంది. అతను కష్టపడి మింగాడు. రెండో ముద్ద తీసుకున్నాడు. దాన్నీ మింగబోయాడు గానీ లోపలి మనిషి ఒప్పుకోలేదు.

"ఏటే దాలీ!" అని కేకేశాడు. "ఇది పప్పా, పసుపు నీళ్ళా? ఉప్పేదే? పదకొండేళ్ళు నాను లేకపోతే వండడమే మర్సిపోనావేటి?"

అనేశాక, అన్నందుకు తనే బిత్తరపోయాడు. ఇరవై రోజుల్లో ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

దాలమ్మ గూటి దగ్గరికి వెళ్ళింది. కంచం తీసి కొంగుతో తుడిచి అతని ముందు పెట్టింది. విస్తట్లో అన్నం, కూర, పప్పు అన్నీ తన చేత్తోనే అందులోకి మార్చింది. "ఉండు, తెస్తన్నాను. అంత గావుకేకెందుకు?" అని విసుక్కుంటూ ఉప్పు గిన్నె తెచ్చింది. విసుక్కుంటోంది, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. అతను తలెత్తలేదు. కంచంలో ఉప్పు కలుపుకుని, పప్పు మళ్ళీ వేయించుకుని తిన్నాడు. బండివాడు బయటినుంచి ఆలస్యమవుతోందని పిలిస్తే, ఎడ్లని విప్పమని లోపలి నుంచే చెప్పాడు.

మాస్టారు ఇక్కడికి చెప్పి కళ్ళజోడు పెట్టుకున్నారు.

సోమలింగం కొట్టేద్దామన్న వాక్యాన్ని కొట్టేయకుండా కలం కింద పెట్టాడు. అయినా అతని బుద్ధి అతనిదే. "పోనీలెండి, ఆ వేళ దాలమ్మ గారు కంగారులో ఉప్పు మరిచిపోబట్టి సరిపోయింది" అన్నాడు.

మాస్టారు ఇంకో ఖాళీ చీటీ అతని వైపు జరిపారు.

"మా అక్క చేతి వంట యాభై ఏళ్ళు తిన్నాను, సోమలింగం. పప్పులో ఉప్పు లేకపోవడం ఆ ఒక్క పూటే."