తప్పని పాఠం

ఒక విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించే ఉపన్యాసకుడు ఒకాయన ఉండేవాడు. ఆయన పాఠం చెప్పేవాడు కాదు, అడిగేవాడు. "న్యాయమంటే ఏమిటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అలా నిలబడే ఉండేవాడు.

మొదట్లో జవాబులొచ్చేవి. గంట కొట్టాక కూడా వరండాలో వాదనలు సాగేవి. ఏళ్లు గడిచేకొద్దీ గదిలో మౌనం పెరిగింది. ఆయన ఉద్యోగంలో చేరిన ఇరవయ్యారో ఏట విద్యార్థులంతా సంతకాలు పెట్టి శాఖాధిపతికి అర్జీ ఇచ్చారు. ఈయన నోట్సు ఇవ్వడం లేదని.

"పోనీ, రాయించెయ్యండి మాస్టారూ," అన్నాడు శాఖాధిపతి. ఆయనా అలసిపోయిన మనిషే. "మళ్లీ అర్జీ వస్తే ఈ క్లాసు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

మర్నాటి నుంచి ఉపన్యాసకుడు రాయించసాగాడు. గది నిండా కలాల చప్పుడు. సోమవారం 'ఆత్మ ఉంది' అని రాయించాడు. ఎవరైనా అడుగుతారేమోనని మంగళవారం 'ఆత్మ లేదు' అని రాయించాడు. రెండూ రాసుకున్నారు. రెంటి కిందా గీతలు గీసుకున్నారు.

శుక్రవారానికి ఆయనకు ఓపిక అయిపోయింది. బల్లకు ఆనుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు:

"రాసుకోండి. ఈ గదిలో నేను చెప్పిందంతా తప్పు. ఈ మాటతో సహా."

"'తప్పు' తర్వాత ఫుల్‌స్టాపా సార్, కామానా?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు.

"ఫుల్‌స్టాపే నాయనా."

మూడో వరుసలో నాంచారి అనే అమ్మాయి రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ఏడాదంతా నోరు విప్పని పిల్ల. అర్జీలో మొదటి సంతకం ఆమెదే.

"సార్, ఈ మాట కూడా తప్పే అయితే, మీరు చెప్పింది అంతా తప్పు కాదన్నమాట. ఏదో ఒకటి నిజమై ఉండాలి." నోట్సు పేజీలు వెనక్కి తిప్పి, "అదేది సార్?" అంది.

ఉపన్యాసకుడు ఆమె వైపు తిరిగాడు. మెల్లగా వేదిక దిగి, ఆమె బెంచీ మీద ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు.

"తెలీదమ్మా. నువ్వేమనుకుంటున్నావు?"

"ఇది పరీక్షకొస్తుందా సార్?" అని ఎవరో అడిగారు. ఆయన వినిపించుకోలేదు.

గంట కొట్టారు. అందరూ పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయారు. నాంచారి లేవలేదు. నుదురు చిట్లించి, తన నోట్సులో మొదటి పేజీ నుంచి ఒక్కో వాక్యమే కొట్టేస్తూ వస్తోంది. ఉపన్యాసకుడు పక్కనే కూర్చుని, ఆ కలం ఎక్కడ ఆగుతుందా అని చూస్తున్నాడు.