ఊబిబయలు పందెం

ఉసిరికొండకీ నక్కలకొండకీ మధ్య ఓ బయలు ఉంది. కొండమీద నిలబడి చూస్తే ముచ్చటైన పచ్చిక. కాలు పెడితే గానీ తెలియదు దాని గుణం. వానలు వెళ్లేనాటికి అదంతా ఊబి. కాలు వేయడం మన చేతిలో పని, తీయడం దాని దయ. అందుకే దాన్ని ఊబిబయలు అంటారు.

ఏటా చలి ముదరకముందే అక్కడి జంతువులు పరుగు పందెం పెట్టుకుంటాయి. ఉసిరికొండ నెత్తిన బయల్దేరాలి. ఊబిబయలుకి అడ్డంపడి పోతావో, అంచు వెంట చుట్టు తిరిగి పోతావో నీ ఇష్టం. అవతల నక్కలకొండ ఎక్కి, దిగి, చూరుబండ దగ్గర కాలు మోపాలి. దారి చూపించేవాడు ఉండడు, గీత గీసి పెట్టేవాడూ ఉండడు. గెలిచినవాళ్లకి ఆ చలికాలమంతా చూరుబండ సొంతం. ఇంటి చూరులా ముందుకి వంగిన పెద్ద బండ అది. దాని కింద గాలి కొట్టదు, మంచు పడదు. ఆ కొండల చలి ఎరిగినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మూడేళ్లుగా ఆ బండ కొసరయ్య అనే నక్కదే. ఎలా గెలిచాడనుకున్నారు? సాధన చేశాడా, ఒళ్లు వంచాడా? రామ రామ! చెంగన్న అనే కుందేలు అంచు దారినపడి ప్రాణం పెట్టి పరిగెడుతుంటే, కొసరయ్య తీరిగ్గా దాని తోక పట్టుకున్నట్టు వెనకాలే వచ్చేవాడు. ఎక్కడ మలుపు, ఎక్కడ జారుడు అన్న బెంగంతా చెంగన్నది. చివర్లో చూరుబండ కంటపడగానే ఈయనగారు ఒక్క ఉరుకు ఉరికి ముందు చేరేవాడు. అదేమిటి మామా అంటే, "గెలుపు గెలుపేరా అల్లుడూ" అనేవాడు.

పోనీ, గెలిచాక మర్యాదగా ఉన్నాడా? చలికి ఓర్చుకోలేక ఎవరైనా వస్తే, రోజుకో కోడిపిల్లని తెచ్చిస్తేనే చోటు అనేవాడు. కిందటేడు కర్రెమ్మ అనే గేదె పసిదూడని వెంటబెట్టుకుని వచ్చి నిలబడింది. గేదె కోడిపిల్లని ఎక్కణ్ణుంచి తెస్తుందండీ? "నేను బయటే ఉంటాను, దూడనొక్కదాన్ని పడుకోనివ్వు" అని బతిమాలింది. కొసరయ్య వినలేదు. చలికాలం వెళ్లకముందే ఆ దూడ పోయింది.

ఈ ఏడు కర్రెమ్మకి మళ్లీ దూడ పుట్టింది. ఆ మర్నాడే పందేనికి తన పేరు చెప్పేసింది. పందెం పెద్దమనిషి కొంగతాత ఒంటికాలి మీంచి తూలిపడబోయాడు.

"నువ్వా? పరుగా?" అన్నాడు.

"నేనే తాతా. నాకు చూరుబండ కావాలి. ఈ దూడని కూడా పోగొట్టుకుని నేను బతకలేను."

కొంగతాత దాని పేరూ పందెంలో చేర్చుకున్నాడు.

పందేనికి ఇంకా చాలా రోజులున్నాయి. చెంగన్న పొద్దూ మాపూ కొండ ఎక్కి దిగుతున్నాడు. కర్రెమ్మ మాత్రం పరిగెత్తడం ఎవరూ చూడలేదు. తెల్లారగానే ఊబిబయలులోకి వెళ్లడం, ఎండెక్కాక తిరిగి రావడం. ఇదే పని. ఇది కొసరయ్య కంటపడింది. ఆయనకి తిండి లేకపోయినా ఉండగలడు గానీ, అవతలివాళ్ల సంగతి తెలియకపోతే నిద్ర పట్టదు.

"అల్లుడూ, కర్రెమ్మ రోజూ ఆ ఊబిలో ఏం చేస్తోందంటావ్?" అని చెంగన్నని అడిగాడు.

"గడ్డి కోసమేమో మామా."

"గడ్డి కోసమైతే ఊబిలోనే దిగాలా? ఇక్కడ గడ్డికి కరువొచ్చిందా?"

"అయితే పొర్లడానికేమో. ఎంతైనా గేదె కదా."

"అదేరా నాకు అంతుబట్టనిది! పొర్లితే వీపుకీ బురద అంటాలిగా? కడుపు దాకానే ఉంటోంది. వీపు చూస్తే పొడిపొడిగా ఉంది."

"నాకు నా కాళ్ల గొడవే సరిపోతోంది మామా. నువ్వే వెళ్లి చూసుకో" అని చెంగన్న కొండెక్కిపోయాడు.

మర్నాడు కొసరయ్య ఓ పొదలో నక్కి కూర్చున్నాడు. కర్రెమ్మ వచ్చింది. గట్టున ఆగి వాసన చూసింది. ఓ తుంగమొక్క పీకి నమిలింది. ముందుకాలు ఊబిలో పెట్టి కాసేపు కదిపింది, తీసేసింది. పక్కన పెట్టింది, మళ్లీ కదిపింది. అప్పుడు కళ్లు రెండూ మూసుకుని, చెవులు ఆడించుకుంటూ, మంచులోకి నడిచి వెళ్లిపోయింది.

"కళ్లు మూసుకుందేమిటి? మొక్కా? మంత్రమా?" అని కొసరయ్య తల గోక్కున్నాడు. పరిగెత్తుకెళ్లి ఆ తుంగమొక్క తనూ ఇంత నమిలాడు. అందులో ఏదో బలం ఉంటుందని. చేదుకి నాలుక పీక్కుపోయింది తప్ప బలం జాడే లేదు. ఉమ్ముకుంటూ తలెత్తేసరికి మంచు కాస్త విడింది. అవతల నక్కలకొండ కింద కర్రెమ్మ గట్టెక్కుతోంది. కొసరయ్యకి మతిపోయింది. అంచు దారిన చెంగన్నంతవాడే ఎండెక్కితే గానీ చేరలేడు అక్కడికి!

ఇక ఆగలేకపోయాడు. సాయంత్రం కర్రెమ్మ దూడకి పాలిస్తుంటే వెళ్లి పలకరించాడు.

"బాగున్నావా అక్కా? దూడ నీ పోలికే!"

"ఊరకే రారు మహానుభావులు. ఏం కావాలి కొసరయ్యా?"

"ఏం లేదక్కా, ఊరికే. ఆ ఊబిలో రోజూ ఏం చేస్తున్నావా అని."

"దారి చూసుకుంటున్నా."

"ఊబిలో దారా?"

"అడుగున బండ ఉంది. అన్నిచోట్లా లేదు. ఎక్కడుందో కాలితో వెతుక్కుంటున్నా."

"మరి కళ్లెందుకు మూసుకోవడం?"

"పందెం నాడు మంచు పడితే కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. కాలికీ చెవికీ దారి అలవాటవ్వాలిగా."

ఏదీ దాచకుండా చెప్పేస్తుంటే కొసరయ్యకి అనుమానం పెరిగింది. "అయితే ఆ దారి నాకూ చూపించకూడదూ?" అన్నాడు మెల్లగా.

కర్రెమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "చూపించడానికేం గానీ, అది నీకు పనికిరాదు. నీ మీద నాకు ప్రేమ ఉండి చెప్పడం లేదు. నువ్వు అంచు దారినే పో."

అంతే, కొసరయ్యకి తిరుగులేని నమ్మకం కుదిరింది. "పనికిరాదట! నన్ను చుట్టు తిప్పి తను అడ్డదారిన పోవాలని ఎత్తు. ఇంత బరువు మునగలేదంటే, దూదిలాంటివాణ్ణి నేను మునుగుతానా?" అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజమూ చెప్పనివాడికి ఎదుటివాళ్ల నోట నిజం వస్తుందన్న ఊహైనా ఎలా వస్తుంది? పైగా ఏడాదంతా కోడిపిల్లలు మెక్కి ఒళ్లు పెంచాడు. చెంగన్న వెంట అంత దూరం ఉరకడం ఈసారి తనవల్ల కాదని ఆయనకీ తెలుసు. గేదె వెనకాల నడవడమైతే హాయి.

పందెం రోజు రానే వచ్చింది. మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, కొంగతాత తెల్లగా అందులో కలిసిపోయి గొంతు మాత్రమే వినిపించింది. "పదండి!" అంది ఆ గొంతు.

చెంగన్న అంచు దారిన రివ్వున పోయాడు. కర్రెమ్మ నింపాదిగా కొండ దిగింది. దాని వెనకాల కొసరయ్య.

"నువ్వు అటు పోలేదేం?" అంది కర్రెమ్మ.

"నీతో కబుర్లు చెప్పుకుంటూ వద్దామని అక్కా."

"వద్దన్నానా లేదా?"

"అన్నావులే. నడు నడు."

కర్రెమ్మ ఊబిలో దిగింది. కడుపు దాకా బురద. కాళ్లకింద బండ తగులుతూనే ఉంది. తడుముకోకుండా ముందుకి సాగింది. కొసరయ్య ఆ కాలు తీసినచోటే కాలు వేశాడు. వేస్తే ఏముంది? గేదెకి కడుపు లోతున్న చోట నక్కకి మునుగు లోతు. తోక చివర మాత్రం పైన కనిపించింది. మళ్లీ మూతి పైకొచ్చింది, మళ్లీ మునిగింది. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాడు.

"అక్కా! అక్కా! చచ్చిపోతున్నా!"

కర్రెమ్మ ఆగింది. ఆ క్షణాన దాని మనసులో ఏముందో నన్నడగండి, చెబుతాను. "చావనీ" అనుకుంది. నిండా అనుకుంది. అవతల చెంగన్న పరిగెడుతున్నాడు, ఇక్కడ ఆగితే చూరుబండ పోతుంది, దూడ పోతుంది. రెండడుగులు ముందుకి వేసింది కూడా. కానీ చలికి పళ్లు కొట్టుకుంటూ పిలిచే గొంతు ఎలా ఉంటుందో దానికి కిందటేడే తెలిసింది. ఆ గొంతు వింటూ నడవలేకపోయింది.

"నీ మొహం మండా! పట్టుకో" అని వెనక్కి వచ్చి తోక అందించింది. కొసరయ్య ఆ తోకని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. నొప్పికి కర్రెమ్మ కళ్లంట నీళ్లొచ్చాయి. అలాగే ఈడ్చుకుంటూ ఊబి దాటించి, నక్కలకొండ కింద గట్టినేల మీద పడేసింది.

కొసరయ్య ఓసారి ఒళ్లు దులుపుకున్నాడు. ఓసారి దగ్గాడు. మరుక్షణం చెంగున లేచి కొండ మీదికి పరుగు!

"ఓరి నీ అమ్మ కడుపు కాలా! ఇప్పుడే కదురా నిన్ను తీసింది!" అని అరిచింది కర్రెమ్మ.

"నీ మేలు మర్చిపోనక్కా! చలికాలంలో రా, చూద్దాం!" అని మంచులోంచి జవాబొచ్చింది. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న.

కర్రెమ్మకి ఏడుపొచ్చింది. తన మీద తనకే కోపం వచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చుంటే దూడకి చోటు దొరుకుతుందా? ముక్కు చీదుకుని, తలవంచుకుని కొండెక్కడం మొదలుపెట్టింది.

కొసరయ్య అప్పటికే కొండ నెత్తికి చేరాడు. అక్కడ ఆగాడు. వెనక ఎవరూ లేరు. సంతోషమే. ముందూ ఎవరూ లేరు. అదీ మొదట సంతోషంగానే ఉంది. తర్వాతే కాస్త కంగారు పుట్టింది. ఈ మంచులో ఎటు దిగాలి? ఆ కొండ మూడుసార్లు దిగాడు గానీ, మూడుసార్లూ ఆయన చూసింది చెంగన్న తోకనే, కొండని కాదు. పక్కనున్న ఈ బండ చూసిన గుర్తుందా? లేదు. ఈ చెట్టో? ఏమో. రెండువైపులా రెండు వాగుల చప్పుడు వినిపిస్తోంది. ఏ వాగు ఎటు పోతుందో ఎవరికి తెలుసు?

"గట్టిగా మోగేదే మనదై ఉంటుంది" అని గట్టిగా మోగే వాగు వెంట దిగిపోయాడు.

కాసేపటికి కర్రెమ్మ అక్కడికి వచ్చింది. కళ్లు మూసుకుంది. చెవులు ఆడించింది. ఎన్ని పొద్దులు ఊబి దాటొచ్చి ఇక్కడ ఇలా నిలబడి విన్నదో! సన్నగా మోగే వాగు వైపు తిరిగి, ఒక్కో బండనీ కాలితో పలకరిస్తూ దిగింది. ఎక్కడా కొసరయ్య అడుగుల చప్పుడు లేదు. ఈపాటికి చేరి కూర్చుని ఉంటాడనుకుంటూనే దిగింది. చూరుబండ కనిపించింది. దాని ముందు, అందరికంటే ముందే ఎగిరొచ్చిన కొంగతాత ఒక్కడే ఉన్నాడు.

"ఎవరొచ్చారు తాతా?" అని భయపడుతూ అడిగింది.

"ఎవరొచ్చారేమిటే పిచ్చిదానా? నువ్వే వచ్చావు!"

కర్రెమ్మ అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు ఇంకా ఆగకముందే చెంగన్న రొప్పుకుంటూ వచ్చాడు. సంగతి విని నవ్వేశాడు. "ఓడిపోయినా బాధగా లేదత్తా. ఎవడూ నా వెనకాల లేకుండా పరిగెత్తడం ఇదే మొదటిసారి. ఎంత బాగుందో!" అన్నాడు.

సాయంకాలమైంది. దూడ బండ కింద పొడినేల మీద కాళ్లు చాపుకుని పడుకుంది. చెంగన్న ఓ మూల చేరాడు. అప్పుడు వచ్చాడు కొసరయ్య. ఒళ్లంతా బురద ఎండి అట్టకట్టింది. ఓ చెవి చిరిగింది. ఆ వాగు ఆయన్ని తీసుకెళ్లి అవతలి పల్లెలో కుక్కల మధ్య దించిందట.

"అందరికంటే ముందున్నవాడివి, ఎటు పోయావురా?" అన్నాడు కొంగతాత.

కొసరయ్య తలెత్తకుండా గొణిగాడు. "ముందున్నాను కాబట్టే తాతా. ఎవరి వెనకాల రావాలో తెలియలేదు."

ఒకరి వెనకాల నడిచి గెలవడం అలవాటైనవాడు, ముందుకొచ్చిన రోజే దారి తప్పుతాడు.